తప్పులమ్మ, ఆమె తోడికోడలు

ఆఫీసులో ఆమెను తప్పులమ్మ అనేవారు. తప్పులు చేస్తుందని కాదు. కంప్యూటర్ మొరాయించినప్పుడు తెర మీద వచ్చే ఇంగ్లిషు మాటలు రాసేది ఆమే కాబట్టి. ఎదుటే అన్నా నొచ్చుకునేది కాదు. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. 'ఇన్‌వాలిడ్' అంటే జనం హడలిపోతారని ఆ మాట తీయించింది ఆమే. 'ఊప్స్' అని రాస్తే చేతులు విరగ్గొడతానన్నదీ ఆమే.

అలాంటి మనిషి కంటినిండా నిద్రపోయి ఆరు నెలలైంది. మరిది పెళ్ళాం వచ్చి అదే గదిలో, ఎదురు బల్ల దగ్గరే చేరింది. ఇంట్లో అత్తగారు పెద్దకోడలు ఇచ్చిన టీ చల్లారబెట్టి, చిన్నకోడలి టీ కోసం కూర్చునేది. పోనీలే అని ఓర్చుకుంది. ఆఫీసులోనూ అదే తంతు అయితే ఎవరు మాత్రం ఓర్చుకుంటారు? చిన్నది రెండు ముక్కలు రాస్తే చాలు, ఆ గదికి పెద్దాయన "భలే ఉందమ్మా" అనేవాడు. తప్పులమ్మ రాసినదానికి తలూపి ఊరుకునేవాడు. ఆ మెప్పు చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు కడుపు రగిలిపోయేది.

ఆ పెద్దాయన నెలాఖరుకు ఉద్యోగం మానేస్తున్నాడు. దరఖాస్తు నింపుతుండగా నెట్ పోతే తెర మీద ఏం రావాలో అందరూ రాయమన్నాడు. ఎవరి మాట నెగ్గితే వాళ్ళదే తన కుర్చీ అన్నాడు. ఆ గదికో పద్ధతి ఉంది. మాట చీటీ మీద రాసి, పేరు వెనక వేసి, గోడకు అంటించాలి. తేలేదాకా ఎవరిదో బయటపెట్టకూడదు.

తప్పులమ్మ చీటీ మొదటి విడతలోనే ఎగిరిపోయింది. మరీ పొడుగన్నారు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పొడిపొడిగా ఉంది, 'నెట్‌వర్క్ లాస్ట్. రీట్రై' అని. రెండోది, 'వుయ్ కుడ్ నాట్ సెండ్ ఇట్ నౌ. వాట్ యూ టైప్డ్ ఈజ్ స్టిల్ హియర్.' ఇప్పుడు పంపలేకపోయాం, మీరు రాసిందంతా ఇక్కడే ఉంది అని. ఆ చీటీని తోడికోడలు అంటిస్తుండగా తప్పులమ్మ కళ్ళారా చూసింది. చదివితే బాగుందనిపించింది. అందుకే ఇంకా మండింది.

లేచి నిలబడింది. "బుజ్జగించడం మన పని కాదండీ. నెట్ పోయిందని ముందు చెప్పాలి, ఇందులో ఆ మాటే లేదు. పైగా అంతా ఇక్కడే ఉందంటున్నాం. ఈలోగా ఫోన్ ఆగిపోయి అంతా చెరిగిపోతే, రేపు వాళ్ళకి జవాబు ఎవరు చెప్తారు?"

చిన్నది ఏదో అనబోయి, పద్ధతి గుర్తొచ్చి ఆగిపోయింది. తప్పులమ్మే కాదన్నాక అవుననేదెవరు? పొడి చీటీ నెగ్గింది. చిన్నదాని మొహం వాడిపోయింది. అది చూసి తప్పులమ్మకు ప్రాణం లేచొచ్చింది. తనకొక కన్ను పోయినా ఫర్వాలేదు, ఎదుటివాళ్ళకు రెండూ పోతే చాలన్నట్టుంది ఆమె సంబరం.

పెద్దాయన చీటీలు తిప్పాడు. నెగ్గినదాని వెనక ఎదురు వరస కళ్ళజోడాయన పేరుంది. ఓడినదాని వెనక తప్పులమ్మ పేరుంది.

"మీరు చేరిన కొత్తలో రాసింది కదమ్మా ఇది," అన్నాడు పెద్దాయన అయోమయంగా. "తెరల మీది మాటలన్నీ కొత్తగా మార్చినప్పుడు ఇది పోయింది. మీరే వద్దంటారేంటి?"

ఆ గదిలో చీటీ ఎవరంటించినా పేరు మాత్రం రాసినవాళ్ళదే వేయాలి. వేల ముక్కలు రాసిన మనిషికి తన ముక్కే గుర్తులేదు.

సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో, పక్కపక్కనే కూర్చున్నారు. చిన్నదే నోరు విప్పింది.

"మన సైట్‌లోనే కాలేజీకి అప్లై చేస్తుంటే నెట్ పోయిందక్కా. ఆఖరి రోజు. ఏడుపొచ్చేసింది. అప్పుడు స్క్రీన్ మీద ఆ మాట వచ్చింది. రాసింది మీరేనని ఇక్కడ చేరాకే తెలిసింది. ఆ కుర్చీ మీకే రావాలని పెట్టాను." మళ్ళీ తనే అడిగింది. "అంతలా వద్దన్నారేంటక్కా? మీకు నచ్చలేదా?"

వెతికితే ఏదో ఒక అబద్ధం దొరక్కపోదు. తప్పులమ్మ వెతికింది కూడా.

"నచ్చింది," అంది. "నీదనుకున్నాను."