కలుపు తీసిన గుట్ట

గుట్ట మీంచి వచ్చి యూనీస్ తలస్నానం చేస్తే మూడో చెంబు దాకా నీళ్లు ఎర్రగానే పోతాయి. ఉండేది బళ్లారి కౌల్ బజార్‌లో. డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద వృక్షశాస్త్రం చెబుతుంది. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి, ఇనుప ఖనిజం లారీల వెనక దుమ్ము తింటూ, సండూరు వైపు గనివాళ్లు మట్టి పోసి వదిలేసిన గుట్టకు పోతుంది.

ఎవరూ చెయ్యి పెట్టని గనిమట్టి మీద ఏ మొక్క ముందు వస్తుంది, దాని వెనక ఏది వస్తుంది? ఆమె పీహెచ్‌డీ అంతా ఇదే. మేకులు కొట్టి, తాడు కట్టి, గుట్ట పొడవునా గళ్లు చేసుకుంది. ఏటా వానల తర్వాత ఒక్కో గడిలో మొలిచినవి లెక్కపెడుతుంది. 2008లో తీసేది మూడో ఏటి లెక్క, చివరిది. అది పూర్తయితే డిగ్రీ. డిగ్రీ ఉంటేనే పర్మినెంటు ఉద్యోగానికి దరఖాస్తు.

ఆ లెక్క కోసం ఒక ఆదివారం పోయేసరికి గళ్లన్నీ నున్నగా ఉన్నాయి. గడికొక తంగేడు మొక్క మిగిలింది, అంతే.

కాపలాదారు హులిగెప్ప నవ్వుతూ ఎదురొచ్చాడు. ఎమ్మిగనూరులో వరి నాట్లకూ కలుపుకూ పోయిన మనిషి, రోజు కూలి ఎక్కువని గని కాపలాకు వచ్చాడు. మేకల్ని రానీయొద్దని యూనీస్ ఎప్పుడో చెప్పింది. అతను ఒక్క మేకనూ రానివ్వలేదు.

"మేకలే కాదు మేడమ్, కలుపు గూడా లేకుండా చేసినా. నేనూ మా ఇంటిది ఉచ్చంగెమ్మా కూసోని పెరికినాం. తంగేడు పూలు బాగుంటాయని ఇడ్సినాం."

"ఆ కలుపే గదప్పా నాకు కావాల్సింది."

హులిగెప్పకు నమ్మబుద్ధి కాలేదు. "గడ్డి కోసరమా ఇంత దూరం వస్తాండేది? మా ఊరికి రాండి. గట్ల మీద మోపులు మోపులు ఉండాది."

నాలుగు మేకుల మధ్య వెంపలి, గరిక కమ్ముకుంటే చూసినవాళ్లు కాపలావాణ్ని ఏమంటారని అతని బాధ. యూనీస్‌కు కోప్పడే ఓపిక కూడా లేదు. పెరికిన కుప్పలుంటే వాటినైనా ఏరి లెక్కపెట్టుకోవచ్చనుకుంది.

"పెరికినదంతా యాడేసినావప్పా?"

"మేకలోళ్లకిచ్చినా."

రోడ్డు మీదికొచ్చి గైడు సీతారామారావుకు ఫోన్ చేసింది. పోయినేటి అంకెలకు కొంత కలిపి రాయమన్నాడాయన, అందరూ చేసేదేనన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మొదటినుంచి మొదలుపెడతాను, మూడేళ్లు గడువు ఇప్పించండి అని అడిగింది.

ఆయన ఒక ఏడాది ఇప్పించాడు.