మైకులో చదివిన చీటీ

మా మందిరంలో ఆదివారం ప్రసంగానికి ముందు ప్రార్థన చీటీలు చదవడం చాలా ఏళ్ళుగా నా పని. గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. నేను మైకులో చదువుతాను, సంఘమంతా ఆమేన్ అంటుంది. పేరు రాయనివాళ్ళే ఎక్కువ. అయినా చేతిరాతలు నాకు తెలుసు కాబట్టి, ఫలానా వీధి చెల్లెలు అనో, ఫలానా గార్మెంట్ షెడ్డులో కుట్టే తమ్ముడు అనో ఒక మాట కలుపుతాను. ఎవరికోసం మోకరిస్తున్నామో తెలిస్తే ప్రార్థనకు బలం వస్తుందని నా నమ్మకం.

పోయిన వేసవి తర్వాత అనంతపురం నుంచి ఒక అమ్మాయి శనివారాలు మా రాయదుర్గం రావడం మొదలుపెట్టింది. అమ్మో నాయనో జైల్లో ఉన్న పిల్లలతో నాటకాలు ఆడించడం ఆమె పని. చోటు కావాలని అడిగితే మా పాస్టరుగారు మందిరం ఇచ్చారు. తాళం తీసి, పిల్లలు వెళ్ళేదాకా అక్కడే కూర్చోమని నాకు చెప్పారు. నాకు నాటకాల మీద సదభిప్రాయం లేదు. లేనిది ఉన్నట్టు చెప్పడం అబద్ధమని నేర్చుకుని పెరిగాను, సండేస్కూల్లో పిల్లలకూ అదే నేర్పాను. కానీ ఆ అమ్మాయి ఆడించేది వేరేగా ఉండేది. జైలు అన్న మాట ఆమె నోట వచ్చేది కాదు. మీ ఇంట్లో ఎవరున్నారని ఒకర్నొకరు అడక్కూడదు, అదొక్కటే ఆమె పెట్టిన నియమం. జీన్స్ షెడ్ల నుంచి తెచ్చిన గుడ్డముక్కలు పరిచి, ఇది ఇల్లు, ఈ పూట ఇంట్లో ఎవరెవరు, అని అడిగేది. ఒకరు అవ్వ అయ్యేవారు, ఒకరు మేక అయ్యేవారు.

వచ్చే ఆరుగురిలో ఒక ఆడపిల్ల మా సండేస్కూలుదే. తొమ్మిదేళ్ళుంటాయి. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి తల పగిలిన కేసులో వాళ్ళ నాయన అనంతపురం జైల్లో ఉన్నాడు. బళ్ళారిలో పనికి పోయాడని తల్లి ఆ పిల్లకు చెప్పింది. శనివారం ఆటలకు పంపేటప్పుడు కూడా, ఊరికే ఆడుకోవడానికని చెప్పే పంపేది. ఆ అబద్ధం నాకు నచ్చేది కాదు. అయినా నోరు మెదపలేదు.

ఒక ఆదివారం పెట్టెలో ఒక చీటీ దొరికింది. నా భర్తకు బెయిలు రావాలి, నా బిడ్డకు ఈ సంగతి ఎట్లా చెప్పాలో దేవుడే చూపించాలి, అని ఉంది. పేరు లేదు. రాత చూడగానే తెలిసింది. అలవాటుగా కలిపేశాను. "గార్మెంట్ షెడ్డు వెనక వీధిలో ఉండే మన చెల్లెలు, ఆమె భర్త జైల్లో ఉన్నాడు, బిడ్డకు ఎట్లా చెప్పాలో తెలియక..." అంటూ చదువుతుండగానే ముందు చాప మీద పిల్లల మధ్య ఆ పిల్ల కనబడింది. అక్కడితో ఆపి చీటీ మడిచేశాను. సంఘం ఆమేన్ అంది. ఆ పిల్ల కూడా అంది, ఎప్పుడూ అనే గొంతుతోనే.

ఆరాధన అయ్యాక తల్లి వచ్చి నా ఎదుట నిలబడింది.

"నేను దేవునికి రాస్తి కదక్కా. నువ్వు ఊరికంతా చదివితివే."

"పేరు చెప్పలేదు కదమ్మా" అన్నాను.

"పేరు చెప్పకుండా వీధి చెప్తివి. ఆ వీధిలో మొగుడు లేకుండా ఉండేది ఎంతమంది?"

ఆ రోజు నుంచి పిల్ల తల్లితో మాట్లాడటం మానేసింది. బడికి పోతుంది, అన్నం తింటుంది, పక్కింటివాళ్ళతో నవ్వుతుంది. తల్లితో మాత్రం ఒక్క మాట లేదు. రెండు వారాలు గడిచాయి. "ఇదిట్లే ఉండిపోతే నేనేం జేయాలక్కా" అని తల్లి నన్నే అడిగింది. ఇంకెవర్ని అడుగుతుంది?

నేను మోకాళ్ళ మీద చాలాసేపు ఉన్నాను. నేర్చుకున్న వాక్యం ప్రకారం చూస్తే లెక్క తేలికే. అబద్ధం చెప్పింది ఆమె, నిజం చెప్పింది నేను. మరి మొహం చెల్లనిది నాకెందుకు? పాస్టరుగారిని అడిగితే, "చదవడం తప్పు కాదమ్మా, కలపడం..." అని ఆగిపోయారు. వారికీ తెలియలేదనుకుంటాను.

మూడో శనివారం పిల్ల వచ్చింది. వెనకే తల్లి కూడా వచ్చి, షెడ్డు నుంచి తెచ్చుకున్న ప్యాంట్ల మూట విప్పి, గుమ్మం దగ్గర కూర్చుని దారాలు కత్తిరించుకుంటోంది. ఈ పూట ఇంట్లో ఎవరెవరని నాటకం అమ్మాయి అడిగింది.

"నేను మాయమ్మ" అంది పిల్ల. తర్వాత నా వైపు చూపించింది. "టీచరమ్మ నేనయితాది."

"నాకు రాదు పాపా" అన్నాను.

"వచ్చేదేముండాది? నాయన యాడని అడగాల, అంతే. రోజూ అడగాల."

"తెల్ల ఎంటికల పాప" అన్నాడు మేక వేషం పిల్లాడు. అందరూ నవ్వారు. నేను గుడ్డముక్కల మీద కూర్చున్నాను. లేనిది ఉన్నట్టు చెప్పడం నా జీవితంలో అదే మొదలు.

పిల్ల చున్నీని కొంగులాగా తల మీద కప్పుకుని, లేని కత్తెరతో లేని దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది.

"నాయన యాడమ్మా?" అన్నాను.

"బళ్ళారిలో."

"ఎప్పుడొస్తాడు?"

"పని అయిపోతానే."

"ఫోన్ ఎందుకు చేయడు?"

"ఆడ సిగ్నల్ లేదు."

"బళ్ళారిలో సిగ్నల్ లేదా?" ఆ మాట నా నోటికి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

పిల్ల చేతులు ఆగాయి. "గమ్మున తిను" అని గోడ వైపు తిరిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ నవ్వుమొహంతో ఇటు తిరిగింది. నేర్పితే వచ్చేది కాదది. చాలాసార్లు చూసి ఉండాలి.

గుమ్మం దగ్గర కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"చాల్లే మే" అంది తల్లి. "నేనే చెప్తా. మీ నాయన జైల్లో ఉండాడు."

పిల్ల అటు తిరగలేదు, నా వైపే చూస్తూ తల్లిని అంది. "నాకు తెలుసు. బళ్ళారికని చెప్పి అనంతపురం బస్సు ఎక్కుతాంటివి. షెడ్డు కాడ వాళ్ళు అంటాండ్రి. నువ్వు చెప్తావులే అని చూస్తాంటి. సంఘమంతటికీ చెప్పి, నాకు చెప్పకపోతివి."

అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆ కోపం దేనికో. ఇంతకాలం తల్లి అబద్ధం చెప్పినందుకు అనుకుంటున్నాను.

"మీ అమ్మ చెప్పలేదు పాపా" అన్నాను. "చీటీలో పేరు లేదు, వీధి లేదు. అవి కలిపింది నేను."

"ఎందుకు?"

"ప్రార్థనకు బలం వస్తాదని."

అది నిజమే, ఇప్పటికీ నా నమ్మకం అదే. కానీ ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెబుతుంటే అబద్ధంలాగా వినబడింది. ఎందుకో ఈరోజుకూ తేల్చుకోలేదు. క్షమించిందో లేదో పిల్ల మొహంలో తెలియలేదు. చున్నీ తల మీద నుంచి తీసి, మడిచి, గుమ్మం వైపు తిరిగింది.

"నాయన కాడికి నువ్వు పొయ్యేది బుధవారమే కదా" అంది తల్లితో.

"ఊ."

"బుధవారం నాకు బడి ఉండాది."

తల్లి కత్తెర కింద పెట్టింది. "ఎగ్గొట్టు" అంది.