నెత్తిమీది సిఫారసు

నిన్న పొద్దున మా చిన్నల్లుడి తమ్ముడు మెట్రిక్యులేషన్ ప్యాసయిన ముఖంతో వచ్చి అరుగు మీద కూచుని, ఉద్యోగానికి ఎవరిని పట్టుకోవాలో చెప్పమన్నాడు. నేను తలపాగా తీసి, ఎడమ చెవి పైనుంచి నడినెత్తి దాకా వెంట్రుక మొలవని చార చూపించి, నా సిఫారసు ఇదే నాయనా, చదువుకో అన్నాను. అబ్బాయి మర్యాదస్తుడు. ముసలాయనకి మతి చలించిందని పైకి అనలేదు. మజ్జిగ తాగి, కాకినాడలో ఎవరో పెద్ద వకీలుగారున్నారట, ఆయనకి తెలిసినవాళ్ళు మీకెవరైనా తెలుసాండీ అని మాత్రం అడిగాడు. అతనికి చెప్పింది కొంచెం, మింగింది ఎక్కువ. ఆ మింగింది ఇదీ.

మాది కాలవగట్టు మీద కొట్టు. ఉప్పు, బెల్లం, చింతపండు, పొగాకు, పడవలకి కావలసిన కొబ్బరిపీచు తాళ్ళు అమ్మేవాళ్ళం. అప్పటికింకా గోదావరి మీద రైలు వంతెన లేదు. ధాన్యమైనా, పెళ్ళివారైనా కాలవలో పడవ మీదే కదలాలి. నాన్న పోయాక కొట్టు పెద్దన్నయ్య చేతికొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు గాని, త్రాసు ఒకటీ దాన్ని పట్టుకునే అన్నదమ్ములు ముగ్గురూ అయ్యేసరికి, కార్తీకం వెళ్ళేలోపల నా దారి నన్ను చూసుకోమన్నాడు. లేకపోతే ఏలూరులో మేనమామగారి గానుగ దగ్గర ఎద్దు వెనక తిరగడానికి పంపిస్తానన్నాడు. ఎద్దుకైతే కళ్ళకి గంతలు కడతారు, తిరుగుతున్నట్టు దానికి తెలియదు. నాకు ఆ సుఖం కూడా ఉండదు.

సరిగ్గా అప్పుడే మా ఊరి లాకుల దగ్గర గుమాస్తా పని ఖాళీ అయింది. కాలవ నీరు ఎత్తు మారేచోట, రెండు జతల తలుపుల మధ్య పడవని నిలబెట్టి, నీళ్ళు నింపో తీసేసో అవతలికి వదిలే చోటు అది. ఒక విడతకి ఒక పెద్ద పడవే పడుతుంది. అందుకని అక్కడొక ఆనవాయితీ ఉండేది. ఎవరి తాడు ఉచ్చు గట్టుమీది రాతి గుంజకి ముందు పడితే వాళ్ళదే మొదటి వరస. ఆ వరస చూసి పిలిచేవాడే గుమాస్తా. పాత గుమాస్తాని ఎవరో పడవ తోసే గెడతో కొట్టి కాలవలోకి తోసేశారనీ, పని ఖాళీ అయింది అందుకేననీ ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. కాని నా కళ్ళముందు గానుగ తిరుగుతోంది.

పని అడిగే విద్య నాకు కొట్లోనే అబ్బింది. పెద్దాయన్ని తిన్నగా పోయి అడక్కూడదు, ఆయన వాకిట్లో కూచునేవాణ్ణి ముందు పలకరించాలి. మొదటిరోజు పని మాట ఎత్తకూడదు, ఆయన దగ్గు ఎలా ఉందో అడగాలి. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ దగ్గు మనకి గుర్తుండాలి. ఎవరైనా మాటసాయం చేస్తే, పని దొరికినా దొరక్కపోయినా తిరిగి వెళ్ళి ఏమయిందో చెప్పి రావాలి. చాలామంది మరిచిపోయేది అదే. ఇవన్నీ అబ్బాయికి చెప్పాను. చెప్పనిది మా కొట్లవాళ్ళకున్న జబ్బు గురించి. గడప తొక్కిన ప్రతివాడితోనూ "నేను మీ మనిషినండి" అంటాం. పొగాకు కొనేవాడితో అంటే పోయేదేం లేదు. నేను ఆ పని ఇచ్చే లాకు సూపర్నెంటుగారికి ఒక మాట చెప్పించుకుందామని ధాన్యం పడవల షావుకారు దగ్గరికి పోయి ఆ మాటే అన్నాను. తరవాత కొబ్బరికాయల పడవల షావుకారు వసారాలో కూచుని మళ్ళీ ఆ మాటే అన్నాను. ఆ రెండు పడవలు నడిపే సరంగులూ ఒకరి నీడ ఒకరి మీద పడితే ఉమ్మేసేవాళ్ళు. అది తెలిసి కూడా, రెండువైపులా చెప్పిస్తే బలం రెట్టింపవుతుందని లెక్క వేసుకున్నాను.

ఇద్దరూ చెప్పారు. సూపర్నెంటుగారు నన్నొక మధ్యాహ్నం రమ్మన్నారు. ఉతికిన పంచె కట్టి, అన్నయ్య కండువా వేసుకుని గట్టు మీద నిలబడ్డాను. ఆయన లోపల భోజనం చేస్తున్నారు. అప్పుడే ఎగువనుంచి ధాన్యం పడవా, కొబ్బరి పడవా ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చాయి. గట్టుమీద పడవ లాగేవాళ్ళు రొమ్ములకి తాడు పట్టీలు బిగించి పరుగులాంటి నడకతో వస్తున్నారు. రెండు ఉచ్చులు గాలిలోకి లేచాయి. కొబ్బరివాళ్ళది రెప్పపాటు ముందు పడింది. నేను చూశాను. నేను చూడడం ఇద్దరు సరంగులూ చూశారు.

ధాన్యం సరంగు నవ్వుతూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా మనిషే ఉన్నాడుగా. చెప్పండి గుమాస్తాగారూ, ఎవరిది ముందు?"

కొబ్బరి సరంగు రెండో భుజం పట్టుకున్నాడు. "నీ మనిషేంట్రా? మా షావుకారి వసారాలో మజ్జిగ తాగి మా మనిషినన్నాడు. చెప్పవయ్యా."

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఒక వైపు దెబ్బలతో పోయేది. కాని నేను బేరగాణ్ణి. "ఇద్దరిదీ కాస్త కాస్త ముందేనండి" అన్నాను.

పడవ గెడకి కొసన ఇనప పొన్ను ఉంటుంది. అది నా చెవిపైన దిగింది. కొట్టింది ధాన్యంవాళ్ళు. పడిపోతున్న నన్ను లేవనెత్తి ముఖం మీద గుద్దింది కొబ్బరివాళ్ళు. ఆ తరవాత నన్ను వదిలేసి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. పడవలోంచి కాయలు రాళ్ళలా వచ్చాయి. పగిలింది కాయో తలో చప్పుడుని బట్టి తెలియలేదు. ఒకడు తన తాడు పట్టీతోనే ఇంకొకడి మెడ బిగించాడు. ఒకడు నోట్లోంచి పళ్ళు అరచేతిలోకి ఉమ్ముకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఈలోగా కట్టు వదిలిన ధాన్యం పడవ మెల్లగా లాకు గోడవైపు జరిగింది. నీళ్ళలో పడి, గోడ అంచు పట్టుకుని పైకి ఎక్కబోతున్న లాగేవాడి చెయ్యి మధ్యలో ఉండిపోయింది. రోజూ మా కొట్లో పొగాకు కొనేవాడే. ఆ ఎముక విరిగిన చప్పుడుకి లేచిన గెడలు లేచినట్టే ఆగిపోయాయి.

పాకుతూ పోయి గోడకి గెడ ఆనించి పడవని నెట్టాను. కదల్లేదు. రెండువైపులవాళ్ళూ వచ్చి పట్టారు. అతన్ని పైకి లాగి, తల నా ఒళ్ళో పెట్టుకుని, అన్నయ్య కండువా చింపి చేతికి కట్టాను. అతని నెత్తురూ నాదీ కలిసి పంచె తడిసిపోయింది. అతను పెదవులు కదిపాడు. "ముందెవరిది బాబూ, నిజంగా?"

అతను ధాన్యం పడవవాడే. అయినా ఆ ముఖం చూస్తూ నోటికి బేరం రాలేదు. "కొబ్బరివాళ్ళదేనయ్యా" అన్నాను. అతను కళ్ళు మూసుకున్నాడు. ధాన్యం సరంగు మాత్రం వెనకనుంచి నా వీపు మీద ఇంకొకటి వేశాడు.

అప్పటికి సూపర్నెంటుగారు చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చారు. నన్ను చూపించి, వీడెవరి మనిషిరా అని అడిగారు. ఇద్దరు సరంగులూ జన్మలో మొదటిసారి ఒకే మాట అన్నారు. "మా మనిషి కాదండి."

"ఇద్దరు షావుకార్లు చెప్పినవాడు నాకెందుకని, భోంచేసి వచ్చి పంపేద్దామనుకున్నాను" అన్నారాయన నాతో. "ఇప్పుడు ఎవరి మనిషివీ కావుగా, గాయం మానాక పనిలోకి రా."

ఆ లాగేవాడికి చెయ్యి మోచేతిదాకా తీసేశారు. నేను గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి నా పక్కన కూచునేవాడు. నేను పొగాకు ఇస్తే రెండో చేత్తో పుచ్చుకునేవాడు.

అబ్బాయికి కాకినాడలో ఇద్దరి పేర్లు చెప్పి పంపాను, వాళ్ళిద్దరికీ పడుతుందో లేదో ముందు కనుక్కుని మరీ. సాయంత్రం కర్ర పట్టుకుని లాకులదాకా నడిచాను. రైలొచ్చాక పడవలు పలచబడ్డాయి, వరస పిలవడానికి పెద్దగా ఎవరూ లేరు. రాతి గుంజకి మాత్రం తాళ్ళు ఒరుసుకున్న గాడి వేలు పట్టేంత లోతుగా ఉంది. వేలు పెట్టి చుట్టూ తడిమాను. అన్నేళ్ళ తాళ్ళూ కలిసి ఒకటే గాడి అయిపోయాయి, ఎవరిది ముందు పడిందో ఆ రాయికి గుర్తులేదు.