కంప్యూటర్ ఊదిన సన్నాయి

పెళ్లిళ్లు జాతకాలు కలవక చెడతాయి, మాట పట్టింపుల వల్ల చెడతాయి. నా పెళ్లి మాత్రం ఒక ఫ్లాపీకి పసుపు బొట్టు పెట్టించడంతో చెడింది. పెట్టించింది ఎవరో పగవాడు కాదు, సాక్షాత్తూ నేనే. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైల చివర్లో సంగతి. హన్మకొండలో బట్టల దుకాణాలున్న వీరేశం సేటుకు కంప్యూటర్ నేర్పే బడి పెట్టాలని బుద్ధి పుట్టింది. హైదరాబాదులో కోర్సు చేసి వచ్చిన నన్ను సారుగా పెట్టుకున్నాడు. తొర్రూరులో సన్నాయి మేళం నడిపే మా మేనమామ రాజయ్య, తన బిడ్డ సుశీలను నాకే ఇస్తానని చిన్నప్పటి నుంచీ అంటుండేవాడు. ఉద్యోగం మాట వినగానే, "బడి తెరిచేనాడు వస్త, ఆన్నే లగ్గం ముచ్చట మాట్లాడుకుందాం" అని కబురు పంపాడు. సుశీలంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఆమెకు తప్ప తొర్రూరంతటికీ తెలుసు.

సేటు ఏ దుకాణం తెరిచినా మా మామ మేళమే మోగేది. ఈసారి కూడా ఆయనకే చెప్పబోతుంటే నేను అడ్డం పడ్డాను.

"మేళమెందుకు సేటూ? మన కంప్యూటరే సన్నాయి ఊదుతది."

"నిజంగనా సారూ?"

"నాది పూచీ. మీరు ఫికర్ చేయకున్రి."

ఏం చూసుకుని ఆ పొగరు? హైదరాబాదు స్నేహితుడొకడు ఫ్లాపీలో పాటల ప్రోగ్రాం ఒకటి ఇచ్చాడు. రాసిన పుణ్యాత్ముడెవరో గాని, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని లోపలి రాతంతా ఊరికే పంచిపెట్టాడు. అయితే ఆ రాతను కంపైలర్ అనే మరో ప్రోగ్రాంలో వేసి తీస్తే గాని మిషన్ పాడదు. అంటే నా చేతికొచ్చింది వండిన కూర కాదు, వండే విధానం మాత్రమే. ముందే ఒకసారి వండి చూద్దామంటే సేటు గుండె పట్టుకున్నాడు.

"ముహూర్తం గాకముందే కొత్త మిషిన్ స్విచ్ ఏస్తరా? అరిష్టం సారూ!"

సరే అన్నాను. అదీ నా తెలివి.

ఆ రోజు మామ కొత్త ధోవతి కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"మేళమేదిరా అల్లుడా? నన్ను పిలువకపోతే ఇంకోన్ని పెట్టిండ్రనుకున్న."

"ఇయ్యాల కంప్యూటరే ఊదుతది మామా! మేళం వద్దని నేనే చెప్పిన."

"నువ్వా?" అన్నాడు మామ. ఆయన ముఖం మాడిపోయింది. నేను దాన్ని ఆశ్చర్యమనుకుని మురిసిపోయాను.

పూజ చేస్తున్న అయ్యగారు తెరకు, కీబోర్డుకు, గుమ్మానికి బొట్లు పెడుతున్నారు. నేను ఫ్లాపీని కవర్లోంచి తీసి ముందుకు చాపాను.

"అయ్యగారూ, దీనికి గూడ పెట్టున్రి. పానమంతా దీంట్లనే ఉన్నది."

ఫ్లాపీకి నల్లటి పళ్లెం కనబడే కంత ఒకటి ఉంటుంది. దాన్ని వేలితో తాకకూడదని మొదటి పాఠంలోనే చెబుతారు. పసుపు కుంకుమల సంగతి ఎవడూ చెప్పలేదు మరి! అయ్యగారు సరిగ్గా ఆ కంత మీదే తడిపసుపు నిండుగా పెట్టి, పైన కుంకుమ అద్దారు. నేను కళ్లకద్దుకుని డ్రైవులో పెట్టాను.

కర్ర్ర్ర్ మంది.

"సన్నాయి షురూ అయిందా?" అన్నాడు సేటు.

"శ్రుతి చేసుకుంటాంది సేటూ."

ఫ్లాపీ చదవలేకపోతున్నాను, మళ్లీ చూడనా, మానుకోనా అని అడిగింది మిషన్. బయటికి తీసి చొక్కా అంచుతో తుడిచాను. పసుపు ఇంకాస్త పరుచుకుంది. ఎలాగో కొంత చదివిందని దాన్ని కంపైలర్‌లో వేస్తే, తెర నిండా తప్పులు దిగడం మొదలైంది. ఆ పుణ్యాత్ముడు వేరే రకం మిషన్ కోసం రాశాడట! ఈ పేరు నాకు తెలియదు, ఆ ఫైలు నా దగ్గర లేదు అని ఒకటే నస.

"ఏం రాస్తాంది సారూ?"

"తప్పులు."

"పూజలనా?" అయ్యగారు అదిరిపడ్డారు.

"లేదయ్యగారూ, అన్నీ నాయే."

హారతి కొండెక్కింది. సేటు చెమటలు తుడుచుకుంటూ మామ వైపు తిరిగాడు.

"రాజయ్యా, జర నువ్వన్న ఊదరాదే!"

"సన్నాయి ఇంటికాడున్నది సేటూ. సుట్టపోని లెక్క వచ్చిన గదా ఇయ్యాల."

అంతలో కంప్యూటర్ ఒక్కసారి 'కీ' మని మూలిగి ఆగిపోయింది. వెనకెవడో చప్పట్లు కొట్టాడు. వాడెవడో ఈనాటికీ తెలియదు, తెలిస్తే ఊరుకోను.

మామ బయటికి నడిచాడు. వెంట పరుగెత్తాను.

"మామా, మరి లగ్గం ముచ్చట..."

"నా నోటికాడి కూడు పరాయోడు గుంజుకుంటే కొట్టేటోన్ని. నువ్వైతివి, ఏం చేయాలె? నా మేళమే వద్దన్నోని ఇంటికి నా బిడ్డనెట్ల పంపుతరా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుశీలను కాజీపేట రైల్వే గుమాస్తాకిచ్చి చేశారు. కన్యాదానం చేసే తండ్రి సన్నాయి పట్టలేడు కదా! మేళం శిష్యులకు అప్పగించి, మామ నన్ను పిలిచాడు.

"అల్లుడా, జర మేళపోళ్ల కాడ కూసో. అయ్యగారు చెయ్యెత్తంగనే గట్టిమేళం కొట్టమను."

అయ్యగారు చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తిన మరుక్షణం, ఒక్క తప్పు లేకుండా, పందిరి అదిరేలా మోగింది. ఆమె మెడలో పుస్తె పడింది. ఎందుకేడుస్తున్నావని ఎవరో అడిగితే హోమం పొగ అన్నాను.

అక్కడే, చేతిలో అక్షింతలతో, అగ్నిసాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ శుభకార్యానికీ మేళం వద్దనను. అందులోనూ, పిల్లనిచ్చే మామ మేళాన్ని.