గుట్ట మీద నేను పలకని పిలుపు

వాన పట్టినప్పుడల్లా అక్క నా వైపు చూస్తుందేమోనని తల దించుకుంటాను. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువిది. ఆమెకు తెలుసా? తెలిసే ఊరుకుంటున్నదా? ఆమెకు చెప్పలేక మీకు చెప్తున్నాను.

మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మారిన కొత్తలో, బీదర్లో ఉండే మా అక్క సునందకు దగ్గర్లోని కమఠాణ ఊరి ప్రేమదాసుతో పెళ్లి కుదిరింది. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. రెండు ఆదివారాలు గడిచాయి. ఎవరూ నోరు విప్పలేదు. ఆ వారమే వాళ్ల ఊరు చూసి రమ్మని నాయిన నన్ను ప్రేమదాసుతో పంపాడు. వాగు పొంగి బస్సు ఆగిపోతే, గుట్ట దిగి పోదామన్నాడు అతను.

నేను హైదరాబాద్ హాస్టల్లో చదివినవాణ్ణి. గుట్ట దిగడమంటే మేడమెట్లు దిగడమే అనుకున్నాను. కొత్త తోలు బూట్లు వేసుకున్నాను. తడిసిన ఎర్రరాయి మీద అవి నిలుస్తాయా? అడుగడుక్కీ జారాను. ప్యాంటు చిరిగింది. మేకలు కాసే ఒకాయనతో ప్రేమదాసు మరాఠీలో ఏదో అన్నాడు. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నాకు మరాఠీ రాదు. ఏమన్నాడు? మా అక్క గురించా? ఇక అతను చెయ్యి అందించినా నాకు అనుమానమే. నా బూట్లను చూసే నవ్వి ఉంటాడని అప్పుడెందుకు తోచలేదో.

మబ్బు దిగి దారి కనబడకుండా పోయింది. నన్నొక బండ పక్కన నిలబెట్టి, తన గొంగడి నాకు కప్పి, దారి చూసి వస్తానని వెళ్లాడు. ఎంతకీ రాలేదు. రాలేదా, నాకే ఓపిక లేకపోయిందా? కావాలనే వదిలేశాడనుకుని సొంతంగా దిగబోయి, జారి ముళ్లపొదల్లో పడ్డాను. చీలమండ బెణికింది.

అప్పుడు పైనుంచి, బామ్మర్దీ అని పిలుపు వినబడింది.

నేను పలకలేదు. వెతుకుతున్నట్టు నటిస్తున్నాడేమోనని మొదట భయం. తర్వాత భయం పోయింది. అతను నిజంగానే కంగారుపడుతున్నాడని ఆ గొంతులోనే తెలుస్తున్నా, నన్ను చూసి నవ్వినందుకు కాసేపు ఏడవనీ అనుకున్నాను. చీకటి పడేదాకా పిలుస్తూనే ఉన్నాడు. చివరికి ఆ మేకలాయనే నన్ను చూసి బీదర్లో మా ఇంటికి చేర్చాడు.

మా వెనకాలే ప్రేమదాసు వచ్చి గడప బయట తడిసి నిలబడ్డాడు.

"నిన్ను గుట్ట మీద ఇడిసిపెట్టి పోయిండా?" నాయిన నన్నడిగాడు.

"పోయిండు నాయినా. మల్ల రాలే."

"ఏమయ్యా, పిలగాడు చెప్తున్నది నిజమేనా?"

ప్రేమదాసు నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. వట్టి గాలే వచ్చింది.

"తప్పు చేసినోనికి నోరెట్లొస్తది," అన్నాడు నాయిన.

ప్రేమదాసు నా వైపు చూశాడు. నేను అతని గొంగడి మడత పెడుతున్నాను.

తర్వాత వాళ్ల పెద్దలు వచ్చి చెప్పినా నాయిన వినలేదు. మూడో ఆదివారం ఆ పేర్లు చదవలేదు. అక్క మరెవరినీ చేసుకోలేదు. ఒక్కసారే అడిగింది, ఆయన గొంతు నీకు వినబడలేదా అని. లేదన్నాను. మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదు?

అతని గొంతు ఎట్లా పోయిందో నాకు తెలుసు. నన్ను పిలిచి పిలిచి పోయింది. నాకు వినబడింది. ఈ మాట ఇవాళే మొదటిసారి అన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. బయట వాన. పక్కగదిలో అక్క మేలుకునే ఉంది.