హయ్యా తినలేదు

రియాద్‌లో నా కఫీల్, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, తన బంగళాలో కరెంటు పనికి పెట్టుకున్నాడు. మొదటి రోజే ఒక గది తలుపు తెరిచి, లోపలికి చెయ్యి చూపించి "హయ్యా" అన్నాడు. ఆ మాటకు "పద" అని అర్థమని సులైలోని కూలీల క్యాంపులో నేర్పారు. గబగబా లోపలికి నడిచాను. ఎదురుగా గాజుపెట్టెలో పాము. అంతకంటే గబగబా బయటికి వచ్చాను. అరబ్బీలో పామును కూడా "హయ్యా" అనే అంటారట. గొంతులో ఏదో తేడా ఉందంటారు, నా చెవికి ఇప్పటికీ దొరకలేదు.

అది ఇసుక రంగులో, మొద్దు తోకతో మన రెండుతలల పాములా ఉండేది. విషం లేదు. కఫీల్‌కు అదంటే ప్రాణం. కువైట్ యుద్ధం మొదలై సైరన్లు మోగగానే ఆయన భార్యాపిల్లలతో దూరంగా దక్షిణాన ఖమీస్ ముషైత్‌లోని అన్నగారింటికి వెళ్ళిపోయాడు. ఇల్లు కదలనన్న ముసలి తల్లిని కడప నుంచి వచ్చిన వంటక్కకు, పామును నాకు అప్పగించాడు. కొన్నాళ్ళకే అది తిండి మానేసింది.

ఇక్కడ నా పెళ్ళి సంగతి చెప్పాలి. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఫాల్గుణంలో నాకు ముహూర్తం పెట్టేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు మళ్ళీ ఎగురుతున్నాయి. కానీ కఫీల్ సంతకం లేనిదే నేను దేశం దాటలేను. ఆయన ఫోన్‌లో తేల్చేశాడు, హయ్యా తింటేనే ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే ఊరికి పోయొచ్చే అనుమతి, అని. అక్కడ పందిరికి గుంజలు పాతుతున్నారు. ఇక్కడ నా పెళ్ళి పాము నోట్లో ఉంది.

"పాలు పెట్టు తమ్ముడా," అంది అక్క. "యాడున్నా నాగయ్య నాగయ్యే గదా."

పాలు పెట్టాను, పసుపూ కుంకుమా కూడా. కఫీల్ చూసి ఉంటే నన్ను ఇంటికి పంపేవాడే, కానీ పెళ్ళికి కాదు. పాము పాలగిన్నెలోంచి పాకి, ఒళ్ళంతా తడుపుకుని అవతల పడుకుంది. గుడ్డు పెట్టాం. కోడి కార్జం దారానికి కట్టి ముందర ఊపాను. చందమామను చూపించడం ఒక్కటే తక్కువ.

"అక్కా, ఇది నా పెండ్లి ఆపెటట్టున్నది."

"నీ పెండ్లామైనా ఇంత బతిమాలించుకోదులే," అంది అక్క.

సంతకు పోయి తెల్ల ఎలుకను తెచ్చి పెట్టెలో వదిలాను. సాయంత్రం చూస్తే ఎలుక పాము చుట్టల మీదికెక్కి మీసాలు దువ్వుకుంటోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్క నేల మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "ఇందులో ముందర బల్బొకటి వెలుగుతా ఉండె గదా, యాడికి పాయె?" అంది.

నా పనిసంచిలోకి పోయింది. మొదటి సైరన్ రోజున, వెలుగు బయటికి కనబడుతుందని ఊడదీసింది నేనే. తర్వాత మళ్ళీ పెట్టలేదు. పాముకు దీపమెందుకు, చదువుకుంటుందా అనుకున్నాను.

"మీ ఊర్లో కోడిపిల్లలకు బల్బు ఎయ్యరా?" అంది అక్క.

ఎయ్యకేం, మా ఇంట్లోనే వేస్తాం, వెచ్చగా ఉంటాయని. రియాద్ చలికి ఆ మూగజీవి కట్టెలా బిగుసుకుపోతుంటే, కరెంటు పనివాణ్ణి నేను దానికి బొట్టు పెడుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బల్బు బిగించాను. మూడో రోజు పాము నాలుక ఆడించింది. నాలుగో రోజు ఎలుక కనబడలేదు. పారిపోయిందేమోనని మంచాల కింద కూడా వెతికాం. చివరికి పాము నడుము దగ్గర ఉబ్బు చూసి అక్కా నేనూ గంతులేశాం. ముసలమ్మ లోపలి నుంచి మళ్ళీ సైరనా అని అడిగింది.

కఫీల్ వచ్చి ఉబ్బును చూశాడు, సంతకం పెట్టాడు. పాస్‌పోర్టు నా చేతికిచ్చి "హయ్యా" అన్నాడు. నేను గబుక్కున గాజుపెట్టె వైపు తిరిగాను. ఆయన గేటు చూపించాడు. అప్పుడు పొంగిన సంతోషం తాళి కడుతున్నప్పుడు కూడా పొంగలేదు, ఒట్టు.

ముహూర్తానికి రెండు రోజుల ముందు ఊరు చేరాను. ఈ సంగతంతా మొదటి వారంలోనే పెళ్ళానికి చెప్పడం నా పొరపాటు. ఇప్పటికీ బస్సుకు ఆలస్యమవుతోందని వాకిట్లోంచి "హయ్యా" అని కేకేస్తే, లోపలి నుంచి తాపీగా అడుగుతుంది.

"నన్ను పిలుస్తున్నవా, నీ పామునా?"