రఫ్ కాగితాల మీద చుక్కలు

కాగితాలకు క్లిప్పు నేనెప్పుడూ ఎడమవైపే పెడతాను. ఆ సోమవారం పొద్దున అది కుడివైపు ఉంది.

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తులో ఒక గది. అందులో మేమిద్దరం పనిచేస్తాం. నేను పిల్లల కోసం బొమ్మల కథలు గీస్తాను. ఆ బొమ్మల్లోని బుడగల్లో మాటలు చేత్తో రాసేది ఒక పెద్దాయన. ఒకప్పుడు అబిడ్స్ దుకాణాలకు బోర్డులు రాసిన చెయ్యి. ఆయన నన్ను ‘అమ్మా’ అనేవారు, నేను ‘సార్’ అనేదాన్ని. అప్పటికి రెండేళ్లుగా ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటున్నా, ఇల్లు కాచిగూడలో అని తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అసలు పేజీ గీసేముందు రఫ్ వేసుకుంటాను. పేజీలో ఎన్ని గడులు రావాలి, ఏది పెద్దది, ఏది చిన్నది, చూపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, అన్నీ పెన్సిల్‌తో. మనుషులంటే గుండ్రటి తలలు, పుల్లల్లాంటి చేతులు. బుడగల్లో మాటలుండవు, ఊరికే వంకర గీతలు. చూసేవాళ్లకు పిచ్చిగీతలే, కానీ కథ నడక అక్కడే తేలిపోతుంది. తర్వాతదంతా ఓపిక పని. అందుకే పూర్తయిన పేజీ ఎవరు చూసినా నాకేమీ అనిపించదు. రఫ్ చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అప్పుడు గీస్తున్నది, ఎగిరిపోయిన చిలుకను వెతుక్కుంటూ మొజంజాహీ మార్కెట్ అంతా తిరిగే ఒక పిల్ల కథ. క్లిప్పు మారిన రోజు రఫ్‌లన్నీ తిరగేశాను. ఒక్కటీ పోలేదు. కానీ మూడు కాగితాల మీద నేను పెట్టని చుక్కలున్నాయి. గడి అంచున, ఆవగింజంత, మెత్తటి పెన్సిల్ చుక్కలు. ఒకదాని మూలన నూనె మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం వాసన. గది తాళం చెవులు రెండే. ఒకటి నా దగ్గర, రెండోది ఆయన దగ్గర.

ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. సాయంత్రం వెళ్లేటప్పుడు ఆయన సంచి చంకలో గట్టిగా అదుముకునేవారు. ఫోన్ వస్తే బయటికి వెళ్లి మెట్ల మీద మాట్లాడేవారు. ఒకరోజు తలుపు దగ్గరికి వెళ్లి విన్నాను.

“ఔ, తెస్త. ఇయ్యాల రెండున్నయి,” అంటున్నారు.

ఆ రోజు నేను వేసిన రఫ్‌లు సరిగ్గా రెండు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పిల్లల పత్రిక కనిపించింది. మధ్యలో బొమ్మల కథ. పేజీకి ఎడమవైపు పైనుంచి కిందిదాకా పొడుగాటి గడి, అందులో మెట్లు. కుడివైపు మూడు చిన్న గడుల్లో ఎక్కుతున్న కుర్రాడు. నా కథలో పిల్ల మార్కెట్ గడియార స్తంభం ఎక్కే పేజీకి నేను వేసిన అమరికే! పత్రిక కొనుక్కుని నేరుగా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఒక దొంగ రఫ్ వేశాను. పిల్ల గడియార స్తంభం ఎక్కకముందే చిలుక ఆమె చేతిలో ఉన్నట్టు, గడులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు, కావాలనే చెడగొట్టి మంచి రఫ్‌ల మధ్యన పెట్టాను. రెండు రోజులకు కాగితాలన్నిటి మీదా కొత్త చుక్కలు వచ్చాయి, ఆ ఒక్కదాని మీద తప్ప.

బాగున్నవే ఏరుకుంటున్నారన్నమాట. ఇక ఆగలేకపోయాను. “సార్, నా రఫ్‌లు ఎవరికి చూపిస్తున్నారు?”

ఆయన చేతిలో కలం ఆగింది. “ఏందమ్మా?”

పత్రిక తీసి ఆయన ముందు పడేశాను. “వీళ్లకేనా?”

ఆయన ఆ పేజీని, నన్ను చూశారు. తర్వాత పత్రిక అట్ట తిప్పి, పైన అచ్చయిన నెలా సంవత్సరం మీద వేలు పెట్టారు. అది నా కథ మొదలవడానికి ఎంతో ముందుది. నేను అటు చూడనే లేదు. ఎప్పుడో నేనే ఆ పేజీ చూసి మరిచిపోయానేమో, అదీ చెప్పలేను.

“తీస్కపోయిన మాట నిజం,” అన్నారు. “అడగకుంట తీస్కపోయిన. తప్పే. గీడ చెప్తే మీకు నమ్మబుద్ధి కాదు. జర మా ఇంటికి రాండ్రి, మేడం.”

‘అమ్మా’ పోయి ‘మేడం’ వచ్చింది. ఆటో సుల్తాన్ బజార్ రద్దీ దాటింది. నా అనుమానం ఇంకా పోలేదు. దారిలో ఏ కథ అల్లుకుంటున్నారో అనుకుంటూ కూర్చున్నాను.

వాళ్లింట్లో కిటికీ పక్క కుర్చీలో ఆయన భార్య ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. గదంతా కర్పూరం కలిపిన నూనె వాసన.

“తెలుగు టీచర్‌గ చేసింది. పక్షవాతం వచ్చినంక మాట వచ్చింది గానీ, అక్షరాలు గుర్తువడ్తలేవు,” అన్నారాయన. “పేపర్ నేను చదివి వినిపిస్తే కోపం. ఒకరు చదివిపెట్టుడు ఏందంటది. మీ రఫ్‌ల అక్షరాలు ఉండయి గద. గవి తనే చదువుకుంటది.”

ఆయన సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చారు. ఆమె ఎడమ చూపుడువేలు గడి నుంచి గడికి నిదానంగా కదిలింది. ఒకచోట ఆగింది.

“ఈ పిల్ల... ఎటు పోతుంది? నాకు తెలుస్తలేదు.”

ఆయన అక్కడ ఒక చుక్క పెట్టారు. ఆమె తడబడిన చోటల్లా పెట్టినవే ఆ చుక్కలన్నీ. నేను వంగి చూశాను. నిజమే, పిల్ల ముఖం తర్వాతి గడికి ఎదురు తిరిగి ఉంది. నాకే తట్టలేదు.

తర్వాత దొంగ రఫ్ వచ్చింది. ఆమె దాన్ని పక్కకు నెట్టేశారు. “ఇది మల్ల తెచ్చిన్రా? మొన్ననే చెప్పిన, ఇది ఈమె గీసింది కాదు. ఎవరో కావాలని పాడుచేసిన్రు.”

“నేనే,” అన్నాను.

“ఎందుకు?”

నాకంటే ముందు ఆయనే చెప్పారు: “పరీక్ష పెట్టిన్రు.”

ఆమె నా వంక చూసి, మూతి ఒకవైపుకే నవ్వారు. “పాసైన్నా?”

ఆ కథలో ఆమె ఆగిన చోటల్లా మళ్లీ గీశాను. పుస్తకం అచ్చయ్యాక తీసుకెళ్లి చేతిలో పెడితే, ఆమె రంగులు మెచ్చుకుని రెండు పేజీలు తిప్పి మూసేశారు. బుడగల నిండా భర్త చక్కటి అక్షరాలు. “కొత్త రఫ్‌లు లేవా?” అని అడిగారు.

ఇప్పుడు ఏ రఫ్ వేసినా ఒక కాపీ తీసి ఆయన బల్ల మీద పెడుతున్నాను. అడగక్కర్లేదని ఎన్నోసార్లు చెప్పాను. అయినా రోజూ సాయంత్రం ఆయన సంచి తెరిచి, నాకు కనిపించేలా కాగితాలు పైకెత్తి, “తీస్కపోనా, మేడం?” అని అడిగాకే లోపల పెట్టుకుంటారు.